సౌండ్ పార్టీ, పుజెట్ సౌండ్, సౌండింగ్ రాకెట్: ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎక్కడివి?

మీ ప్రశ్న ఇది: ఇంట్లో పెళ్లి సంబంధాల మాట వచ్చినప్పుడు మీ పెద్దమ్మగారు "అబ్బాయివాళ్లు సౌండ్ పార్టీ" అన్నారు. మీ అక్కావాళ్లు సియాటెల్‌లో పుజెట్ సౌండ్ దగ్గర ఉంటారు. శ్రీహరికోట గురించి చదువుతుంటే సౌండింగ్ రాకెట్ అనే మాట తగిలింది. సౌండ్ అంటే చప్పుడు కదా, చప్పుడులోంచి ఆస్తి, సముద్రం, రాకెట్ ఎలా పుట్టాయి అని అడిగారు.

చప్పుడులోంచి అవేవీ పుట్టలేదు. సౌండ్ ఒక మాట కాదు, నాలుగు మాటలు. నాలుగూ వేర్వేరు దారుల్లో ఇంగ్లీషులోకి చేరాయి. కాలక్రమంలో వాటి ఉచ్చారణ, స్పెల్లింగు ఒకటైపోయాయి. చప్పుడు అనే సౌండ్ లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మీ పెద్దమ్మగారి సౌండ్ అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, 'ఆరోగ్యంగా, చెక్కుచెదరకుండా ఉన్న' అని దాని అర్థం. పుజెట్ సౌండ్‌లో ఉన్నది ఈతకు సంబంధించిన ఉత్తర ఐరోపా మాట. రాకెట్‌కు తగిలించినది ఓడవాళ్ల మాట, లోతు కొలవడం అని.

నేను చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, ఇప్పుడు కోర్టు కాగితాలు, సైన్సు, వైద్యం వ్యాసాలు తెలుగులోకి అనువదించే పనిలో ఉన్నాను. ఈ నాలుగు సౌండ్లతోనూ నాకు తరచూ పని పడుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

తెలుగులో ఇలాంటివి లేకపోలేదు. తాగే పాలు వేరు, 'సగపాలు'లో ఉన్న పాలు వేరు. ఆస్తిలో పాలు ఉన్నవాళ్లు కాబట్టి దాయాదులను పాలివాళ్లు అంటారు. తాగే పాల నుంచి వాటా అనే అర్థం ఎలా వచ్చిందని మనం ఎప్పుడూ అడగం, ఎందుకంటే అవి రెండు మాటలని చిన్నప్పటి నుంచి తెలుసు. పరాయి భాషలో మాత్రం స్పెల్లింగ్ ఒకటిగా కనబడితే చాలు, మాట కూడా ఒకటే అనుకుంటాం. ఆ తర్వాత ఒక అర్థానికీ ఇంకో అర్థానికీ ముడిపెట్టడానికి లేని కథలు అల్లుకుంటాం. "బాగా డబ్బున్నవాళ్ల పేరు ఊళ్లో మోగిపోతుంది కాబట్టి సౌండ్ పార్టీ" అని చెప్పినవాళ్లు నాకు చాలామంది తగిలారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ నిజం కాదు.

చప్పుడు సౌండ్

దీని మూలం లాటిన్‌లో 'సోనుస్'. సానెట్, సొనాటా, రెజొనెన్స్, కాన్సొనెంట్, సూపర్‌సోనిక్ అన్నీ ఈ కుటుంబమే. ఇంకా వెనక్కి వెళితే మన సంస్కృత 'స్వనం' దీనికి అక్కచెల్లెలు. నిస్వనం, కలస్వనం అంటున్నాం కదా, భాషాశాస్త్రం చదివినవాళ్లకు స్వనిమం కూడా తెలుసు. లాటిన్ సోనుస్, సంస్కృత స్వనం ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చాయి. హంసను ఇంగ్లీషులో 'స్వాన్' అనడం కూడా ఈ మూలం నుంచే అని, అంటే కూత పెట్టే పక్షి అని, చాలామంది నిఘంటుకారుల అభిప్రాయం.

ఇక్కడ గమనించాల్సింది చివర ఉన్న 'డ్'. లాటిన్‌లో అది లేదు, ఫ్రెంచిలోనూ లేదు. 14వ శతాబ్దపు కవి చాసర్ రాసింది 'సూన్' అనే. తర్వాతి రోజుల్లో జనం నోట 'న్' పలికాక నాలుక విడిపడేటప్పుడు ఒక 'డ్' తగులుకుంది, 16వ శతాబ్దం నాటికి అది స్పెల్లింగులో స్థిరపడింది. ఇలా తగులుకోవడం ఇంగ్లీషులో ఈ ఒక్క మాటకే జరగలేదు. ఉరుముకు పాత ఇంగ్లీషు మాట 'థునోర్', ఇప్పుడది థండర్. జర్మన్లు నేటికీ 'డ్' లేకుండా 'డోనర్' అంటారు.

మందులు కలిపే కాంపౌండర్‌లోని కాంపౌండ్‌కూ ఇదే జరిగింది, దాని లాటిన్ మూలంలో 'డ్' లేదు. (కాంపౌండ్ వాల్‌లోని కాంపౌండ్ మాత్రం పూర్తిగా వేరే మాట. అది మలయ్ భాషలోని 'కంపుంగ్', అంటే గ్రామం, వాడ. తూర్పు దేశాలతో వ్యాపారం చేసిన ఐరోపావాళ్ల నోట ఇంగ్లీషులోకి వచ్చి, మన ఇంటి గోడ దాకా చేరింది.)

మనం తెలుగులో "హాలు ఖాళీగా ఉంటే రీసౌండ్ వస్తోంది" అంటాం. అలా నామవాచకంగా వాడటం మన సొంతం, ఇంగ్లీషువాళ్లు ఎకో అంటారు. కానీ రీసౌండ్ అనే క్రియ ఇంగ్లీషులో ఉంది, అది ఈ చప్పుడు సౌండ్ బిడ్డే.

పెద్దమ్మగారి సౌండ్

పాత ఇంగ్లీషులో 'గెసుండ్' అనే మాట ఉండేది. ఆరోగ్యంగా, గాయం లేకుండా, మొత్తంగా ఉన్న అని అర్థం. ముందున్న 'గె' కాలక్రమంలో రాలిపోయింది, మిగిలింది సౌండ్. జర్మన్‌లో అది చెక్కుచెదరకుండా 'గెజుండ్' అని నేటికీ ఉంది. ఎవరైనా తుమ్మితే మన పెద్దలు "చిరంజీవ" అంటారు కదా, అక్కడ జర్మన్లు "గెజుండ్‌హైట్" అంటారు, అంటే ఆరోగ్యం. అమెరికాలో కూడా ఈ మాట వినబడుతుంది, మీ అక్కావాళ్లు ఆఫీసులో వినే ఉంటారు.

సేఫ్ అండ్ సౌండ్, సౌండ్ స్లీప్, సౌండ్ నాలెడ్జ్, సౌండ్ అడ్వైజ్ అన్నీ ఈ మాటే. సౌండ్ స్లీప్ అంటే మధ్యలో తెగని నిద్ర. "గురక సౌండ్ వచ్చేంత నిద్ర" అని ఒక పిల్లాడు నాకు చెప్పాడు, వాడి తర్కం బాగుంది కానీ మాట అది కాదు. చెదపట్టని దూలాన్ని సౌండ్ టింబర్ అంటారు. తర్కశాస్త్రంలో సౌండ్ ఆర్గ్యుమెంట్ అంటే నిర్మాణం సరిగా ఉండి, మొదలుపెట్టిన మాటలు కూడా నిజమైన వాదన. అన్నిటిలోనూ ఉన్నది ఒక్కటే: లోపల డొల్ల లేదు, పగులు లేదు.

వ్యాపార ఇంగ్లీషులో అప్పులు తీర్చగల స్థితిలో ఉన్న సంస్థను 'ఫైనాన్షియల్లీ సౌండ్' అంటారు. ఒప్పందంలో ఒక పక్షాన్ని 'పార్టీ' అంటారు. ఈ రెండూ కలిసి బజారు తెలుగులోకి, అక్కడి నుంచి పెళ్లిచూపుల మాటల్లోకి వచ్చాయని నా అభిప్రాయం. కాబట్టి మీ పెద్దమ్మగారి వాడుక తప్పేమీ కాదు. అయితే ఇంగ్లీషులో సౌండ్ అంటే నిలదొక్కుకున్న అనే. తెలుగులోకి వచ్చేసరికి అది బాగా ఆస్తిపరులు అనే వైపు జరిగింది. అప్పుల్లో మునిగిన కోటీశ్వరుణ్ణి మనవాళ్లు సౌండ్ పార్టీ అనవచ్చు, ఇంగ్లీషు బ్యాంకరు అనడు.

ఈ సౌండ్‌ను అశ్రద్ధ చేస్తే నిజంగా నష్టం జరిగేది చట్టంలో. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చేసుకునే మనిషికి 'సౌండ్ మైండ్' ఉండాలి. అంటే ఏమిటో 12వ సెక్షన్ చెబుతుంది: ఒప్పందం చేసుకునే సమయానికి దాన్ని అర్థం చేసుకుని, దానివల్ల తనకు ఏం జరుగుతుందో ఆలోచించి నిర్ణయించుకోగలగాలి. 1925 నాటి వారసత్వ చట్టం 59వ సెక్షన్ వీలునామాకు కూడా ఇదే మాట వాడుతుంది. మన రాజ్యాంగం 102, 191 అధికరణాల్లో దీని వ్యతిరేకపదం ఉంది: 'అన్‌సౌండ్ మైండ్' అని కోర్టు ప్రకటించిన వ్యక్తి చట్టసభ సభ్యత్వానికి అనర్హుడు.

ఒకాయన తన తండ్రిగారు ఇంగ్లీషులో రాయించిన వీలునామాను ఫోన్లో అనువాదం చేయించి, కాస్త సరిచూడమని తెచ్చారు. మొదటి వాక్యంలోనే 'ధ్వని మనస్సుతో' అని ఉంది. వీలునామాకు ప్రాణం ఆ వాక్యమే. తర్వాత ఎవరైనా కోర్టుకెక్కితే మొట్టమొదట అడిగేది, రాసినాయన ఆ రోజు తెలివిలో ఉన్నాడా అనే. అక్కడ రాయాల్సింది 'స్థిరచిత్తంతో' అని. మన పాత దస్తావేజుల్లో ఈ మాట ఎప్పటి నుంచో ఉంది, కొత్తగా కనిపెట్టనక్కర్లేదు.

పుజెట్ సౌండ్

స్కాండినేవియా దేశాల పూర్వపు భాష అయిన పాత నార్స్‌లో 'సుండ్' అంటే ఈత, జలసంధి. పాత ఇంగ్లీషులోనూ దీని జంట మాట ఉండేది. ఈదడానికి ఇంగ్లీషులో 'స్విమ్' అంటున్నామే, ఆ మూలమే ఇది. ఈది దాటగలిగేంత ఇరుకైన సముద్రపు పాయ అనే ఊహ ఇందులో ఉంది.

పుజెట్ సౌండ్ పేరు 1792లో వచ్చింది. బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ ఆ తీరాన్ని సర్వే చేస్తూ తన లెఫ్టినెంట్ పీటర్ పుజెట్ పేరు పెట్టాడు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ సౌండ్ ఉంది. న్యూజిలాండ్‌లో మిల్ఫర్డ్ సౌండ్ ఉంది, అయితే అది నిజానికి ఫియార్డ్, అంటే హిమానీనదం చెక్కిన లోయలోకి సముద్రం చొరబడిన పాయ.

ఈ మాటకు పుట్టిల్లు లాంటి చోటు డెన్మార్క్, స్వీడన్ మధ్య ఉన్న ఓరెసుండ్. ఇంగ్లీషువాళ్లు చాలాకాలం దాన్ని వట్టి 'ది సౌండ్' అనేవారు. దాని ఇరుకైన చోట వెడల్పు సుమారు 4 కిలోమీటర్లే. ఆ ఇరుకులో కూర్చుని డెన్మార్క్ రాజులు 1429 నుంచి 1857 దాకా దాటే విదేశీ ఓడల దగ్గర సుంకం వసూలు చేశారు. 'సౌండ్ డ్యూస్' అంటే అదే. చరిత్ర పుస్తకం అనువదిస్తూ దాన్ని శబ్దపు పన్ను అని రాస్తే మొత్తం కథ పోతుంది. 'సుంద్ జలసంధి సుంకం' అంటే చాలు.

ఈ ఈత సౌండ్‌కే ఇంకో బిడ్డ ఉంది, ఇది మన తీరంవాళ్లకు బాగా నచ్చుతుంది. చేప పొట్టలో ఉండే గాలితిత్తిని ఇంగ్లీషులో సౌండ్ అంటారు, ఇప్పుడు కొంచెం పాతబడిన మాట. అది చేపను నీళ్లలో తేల్చి ఉంచుతుంది కాబట్టి ఈత మాట దానికి అంటుకుంది. మన గోదావరి జిల్లాల తీరంలో కచిడి చేప పడితే పేపర్లో వార్త అవుతుంది కదా, ఆ ధర మాంసానికి కాదు, చాలామటుకు ఈ తిత్తికే. పాత ఇంగ్లీషు వంట పుస్తకాల్లో 'కాడ్ సౌండ్స్' అని కనబడితే అవి కాడ్ చేప గాలితిత్తులు.

లోతు కొలిచే సౌండ్

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. ఎక్కువమందిని తికమక పెట్టేదీ ఇదే.

ఫ్రెంచిలో 'సోందే' అంటే తాడుకు గుండు కట్టి నీళ్ల లోతు చూడటం. 14, 15 శతాబ్దాల్లో ఇది ఇంగ్లీషులోకి సౌండ్‌గా వచ్చింది. గోదావరి మీద పడవవాళ్లు గెడ దించి లోతు చూస్తారు, సముద్రంలో గెడ అందదు కాబట్టి తాడు. తాడు కొసకు సీసపు గుండు. గుండు అడుగున చిన్న గుంట, అందులో కొవ్వు కూరేవారు. గుండు నేలకు తగిలితే ఇసుకో, బురదో, గవ్వలో ఆ కొవ్వుకు అంటుకుని పైకి వచ్చేవి. అలా లోతుతో పాటు అడుగున ఏముందో కూడా తెలిసేది, లంగరు వేయవచ్చో లేదో అర్థమయ్యేది. తాడు మీద గుర్తులుగా తోలు ముక్కలు, రకరకాల గుడ్డలు కట్టేవారు. 2 ఫాదమ్‌ల దగ్గర రెండు తోలు పీలికలు. చీకట్లో కూడా చేత్తో తడిమి లెక్క చెప్పడానికి ఈ ఏర్పాటు. ఒక ఫాదమ్ అంటే 6 అడుగులు. మిసిసిపి నది మీద స్టీమర్లలో 12 అడుగుల లోతు తగలగానే "మార్క్ ట్వెయిన్" అని కేకవేసేవారు. అమెరికన్ రచయిత శామ్యూల్ క్లెమెన్స్ తన కలంపేరుగా పెట్టుకున్నది ఆ కేకనే.

ఈ పద్ధతిలోనే, అంటే తాడూ గుండుతోనే, బ్రిటిష్ ఓడ ఛాలెంజర్ 1875 మార్చిలో పసిఫిక్ మహాసముద్రంలో 4,475 ఫాదమ్‌ల లోతు కొలిచింది. అది 8 కిలోమీటర్లకు పైనే.

తర్వాత ఈ మాట నీళ్లు దాటి పోయింది. తెలియని చోటికి ఒక పరికరాన్ని పంపి అక్కడి సంగతి తెలుసుకోవడం అంతా సౌండింగే అయింది. సౌండింగ్ రాకెట్ అంటే పై వాతావరణాన్ని పరిశీలించి వచ్చే రాకెట్. బెలూన్లు అంత ఎత్తుకు ఎక్కలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగి తిరగలేవు, ఆ మధ్యభాగానికి వెళ్లి కొలతలు తీసుకుని పడిపోతుంది. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరిన నైక్-అపాచీ అలాంటిదే. అది పైన సోడియం ఆవిరి వదిలింది, ఆ మేఘం కదలికను బట్టి అక్కడి గాలులు అంచనా వేశారు. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరులో మొట్టమొదట ఎగిరింది కూడా రోహిణి-125 అనే సౌండింగ్ రాకెట్టే. మీరు చదివింది బహుశా దాని గురించే. దీన్ని 'ధ్వని రాకెట్' అని రాసిన వ్యాసాలు నా చేతికి దిద్దడానికి వచ్చాయి. 'పరిశోధక రాకెట్' అనడం మేలు. వాతావరణ శాఖ బెలూన్‌కు కట్టి పంపే రేడియోసోండ్‌లో ఉన్నది ఈ ఫ్రెంచి మాటే.

ఒకరి మనసులో ఏముందో పైపైన మాట్లాడి తెలుసుకోవడాన్ని 'సౌండ్ ఔట్' అంటారు. మాటలతో చేసే పని కాబట్టి చాలామంది దీన్ని చప్పుడు సౌండ్ అనుకుంటారు. కాదు, ఇదీ లోతు చూడటమే. "ఆయన్ని ఒకసారి కదిపి చూడు" అంటామే, సరిగ్గా అదే. తిమింగలం ఒక్కసారిగా లోతుకు మునిగినా ఇంగ్లీషులో సౌండ్ అనే అంటారు.

వైద్యంలో మరింత జాగ్రత్త కావాలి. కాపర్-టి వేసే ముందు గర్భాశయం లోతు చూడటానికి డాక్టరు వాడే సన్నటి కడ్డీ ఉంటుంది, దాని మీద సెంటీమీటర్ల గుర్తులుంటాయి. దాని పేరు యుటిరైన్ సౌండ్. ఇది లోతు సౌండ్. అదే గర్భాశయాన్ని చూసే అల్ట్రాసౌండ్‌లో ఉన్నది చప్పుడు సౌండ్, మన చెవికి అందని ధ్వని తరంగాలు. ఒకే అవయవం, ఒకే ఆసుపత్రి, రెండు వేర్వేరు మాటలు. ఆడవాళ్ల కోసం రాసిన ఒక కరపత్రంలో మొదటిదాన్ని కూడా స్కానింగ్ అని రాశారు. స్కానింగ్ అనుకుని పడుకున్న మనిషికి లోపలికి కడ్డీ పెడతారని అప్పటికప్పుడు తెలిస్తే ఎంత టెన్షన్ పడుతుందో ఆలోచించండి. నేను ఆ వాక్యం మార్చి, కడ్డీ అని, ఎందుకు పెడతారో కూడా చెప్పి రాశాను.

ఓడల్లో ఇప్పుడు వాడే 'ఎకో సౌండర్' ఇంకా చిత్రం. అది ధ్వనిని కిందికి పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు లెక్కగడుతుంది. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. పని చేసేది చప్పుడే అయినా, పేరులోని సౌండర్ మాత్రం లోతు కొలిచేది. గుండు, తాడుల రోజుల్లో పుట్టిన పేరు కొత్త పరికరానికీ వచ్చింది.

ఒక సందేహం చెప్పాలి. ఫ్రెంచి 'సోందే' ఎక్కడిది అన్నదాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. లాటిన్‌లో 'అల కింద' అనే అర్థం వచ్చే మాట నుంచి అని కొందరు, పైన చెప్పిన ఉత్తరాది 'సుండ్' నుంచే అని కొందరు. పాత ఇంగ్లీషులో లోతు చూసే కర్రకు 'సుండ్‌గ్యిర్డ్' అనే మాట ఉంది కాబట్టి నాకు రెండోదే సబబుగా అనిపిస్తుంది. అది నిజమైతే మూడో సౌండ్, నాలుగో సౌండ్ దూరపు చుట్టాలవుతాయి. అప్పుడు కూడా చప్పుడుతో ఏ సంబంధమూ ఉండదు.

మరి నాలుగూ ఒకేలా ఎలా అయ్యాయి?

ఈ మాటలన్నిటిలో ఒకప్పుడు 'ఊ' ఉండేది. దాదాపు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానం మారాయి, 'ఊ' కాస్తా 'అవ్' అయింది. హూస్ హౌస్ అయింది, మూస్ మౌస్ అయింది. జర్మన్‌లో కుక్క 'హుంట్', ఇంగ్లీషులో హౌండ్. నేల అక్కడ 'గ్రుంట్', ఇక్కడ గ్రౌండ్. అదే వరసలో గెజుండ్, సౌండ్. మాట ఎక్కడి నుంచి వచ్చినా ఈ మార్పు దాన్ని వదల్లేదు. ఫ్రెంచి 'సూన్'కు చివర 'డ్' కూడా తగులుకోవడంతో నాలుగూ వినడానికి, రాయడానికి ఒకటైపోయాయి.

ఇలాంటి మాట కనబడినప్పుడు చేయాల్సిన పని: మంచి నిఘంటువు తీసి చూడండి. ఒకే స్పెల్లింగ్ పక్కన 1, 2, 3 అని చిన్న అంకెలతో వేర్వేరు పద్దులు ఉంటే అవి వేర్వేరు మాటలు. ఒకే పద్దు కింద అర్థాలు వరసగా ఉంటే అది ఒకే మాట. ఫోన్‌లో వచ్చే చిన్న నిఘంటువులు కొన్ని ఈ అంకెలు తీసేసి అన్నీ కలిపి చూపిస్తాయి, అక్కడే గందరగోళం మొదలవుతుంది. ముందు ఏ మాటో తేల్చుకుని, తర్వాత అర్థం చూడాలి.

ఇది పట్టుకుని ప్రతి మాటనూ ముక్కలు చేయకండి. 'రన్' అనే క్రియకు పెద్ద నిఘంటువులో వందల అర్థాలున్నాయి. నీళ్లు రన్ అవడం, షాపు రన్ చేయడం, ఎన్నికల్లో రన్ చేయడం అన్నీ ఒక్క మాట కొమ్మలే, అక్కడ అర్థానికి అర్థానికి దారి నిజంగా ఉంటుంది. 'మ్యాచ్' అలా కాదు. సంబంధం కుదిరితే మ్యాచ్ అంటాం, క్రికెట్ మ్యాచ్ అంటాం, ఆ రెండూ జత, సమఉజ్జీ అనే అర్థం ఉన్న పాత ఇంగ్లీషు మాట. అగ్గిపెట్టెలోని మ్యాచ్ మాత్రం కొవ్వొత్తి వత్తికి ఉన్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. 'ఫెయిర్' కూడా అంతే: న్యాయం, తెల్లని రంగు ఒక మాట, ఎగ్జిబిషన్ అనే ఫెయిర్ లాటిన్‌లో పండగ రోజుకున్న పేరు నుంచి వచ్చిన ఇంకో మాట.